దుమ్ము పుట్టిన చోటే దాన్ని పట్టాలి
(ఆనేకల్‌లో జరిగిన సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

వార్షికోత్సవ సభలో సాధారణంగా నూలు ధర, పట్టు ధర, సబ్సిడీలు, పిల్లల చదువుల గురించి మాట్లాడతారు. మమ్మల్ని మాత్రం దుమ్ము గురించి మాట్లాడమన్నారు. కార్యవర్గం వాళ్ళు అడిగినప్పుడు మేమూ నవ్వినాం. తర్వాత ఆలోచిస్తే, ఈ హాల్లో దుమ్ముతో సంబంధం లేని ఇల్లు ఒక్కటీ లేదనిపించింది. అందుకే ఒప్పుకున్నాం.

మేమంటే ఎవరో రెండు మాటల్లో చెబుతాం. మేము కొంతమందిమి నేత ఇండ్లల్లో పుట్టినవాళ్ళం. చిన్నప్పుడు కండెలు చుట్టినాం, పడుగు అతికినాం. ఇప్పుడు జిగణి, బొమ్మసంద్ర, అత్తిబెలె వైపు షెడ్లలో దుమ్ము లాగే యంత్రాలు అమర్చే పని చేస్తున్నాం. మగ్గం పక్కన పెరిగి దుమ్ము పనిలోకి వచ్చినాం కాబట్టి రెండు వైపులా కొంత తెలుసు. తెలిసినంత చెబుతాం.

మన ఆనేకల్ సంగతి మీకు తెలిసిందే. ఒకప్పుడు వీధి వీధికీ మగ్గం చప్పుడు. చేతిమగ్గాలు పోయి పవర్‌లూములు వచ్చినాయి. ఇప్పటికీ పట్టు నేత నడుస్తోంది. అయితే ప్రతి ఇంట్లోనూ ఒక పిల్లోడో పిల్లో మగ్గం వదిలి బయటి పనికి పోతోంది. ఒకరు గార్మెంట్స్‌లో కటింగ్ టేబుల్ దగ్గర, ఒకరు జిగణిలో గ్రానైట్ పాలిష్‌లో, ఒకరు ఫర్నిచర్ షెడ్డులో, ఇంకొకరు గ్రైండింగ్, వెల్డింగ్‌లో. పనులు వేరువేరు. అన్ని పనుల్లోనూ మనవాళ్ళ ముక్కులోకి పోయేది మాత్రం దుమ్మే.

దుమ్ములో రకాలున్నాయి. కంటికి కనిపించే దుమ్ము అంత ప్రమాదం కాదు. అది ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది, తుమ్మితేనో దగ్గితేనో బయటికి వస్తుంది. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 10 మైక్రాన్ల కంటే చిన్న రేణువులు ముక్కు దాటిపోతాయి. 4, 5 మైక్రాన్ల కంటే చిన్నవి ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోయి కూర్చుంటాయి. అవి విడిగా కంటికి ఆనవు, వాసన రావు. అందుకే "మా షెడ్డులో దుమ్ము లేదన్నా, చూడు ఎంత నీట్‌గా ఉందో" అనే మాట మేము నమ్మం.

ఒక్కో పనికి ఒక్కో జబ్బు. పత్తి దుమ్ముతో వచ్చేదాన్ని బిసినోసిస్ అంటారు. పత్తితో పాటు వచ్చే ఆకు ముక్కల పొడి, దాని మీద పెరిగే బ్యాక్టీరియా విషం దీనికి కారణాలని డాక్టర్లు చెబుతారు. ఆ జబ్బుకు ఒక గుర్తుంది. వారం సెలవు తర్వాత మొదటి రోజు పనిలోకి దిగితే ఛాతీ బిగపట్టినట్టు ఉంటుంది, మర్నాటికి తగ్గుతుంది. అందుకే ఇంగ్లీషు వాళ్ళు దాన్ని సోమవారం జ్వరం అన్నారు. మొదట్లో వారానికి ఒక్కరోజే ఉంటుంది. పట్టించుకోకపోతే వారమంతా ఉంటుంది. చివరికి మెట్లెక్కలేని స్థితి వస్తుంది.

పట్టులో దుమ్ము తక్కువే, ఒప్పుకుంటాం. ఒకే పొడవాటి పోగు కాబట్టి పత్తి లాగా పీచు రాలదు. కానీ పచ్చి పట్టుకు సిరిసిన్ అనే జిగురు ఉంటుంది. ఉడకబెట్టినప్పుడు తూకంలో నాలుగో వంతు దాకా తగ్గేది ఆ జిగురు పోవడం వల్లే. ఆ జిగురు పొడి కొంతమందికి పడదు, ఉబ్బసం తెస్తుంది. కర్ణాటకలో పట్టు తీసే కార్ఖానాల కార్మికుల మీద చేసిన పరిశీలనల్లోనే ఇది బయటపడింది. ట్విస్టింగ్, వార్పింగ్ చేసే ఇండ్లల్లో ఏళ్ళ తరబడి పొడిదగ్గు ఉన్నవాళ్ళు దీన్ని మనసులో పెట్టుకోవాలి.

ఇక గ్రానైట్. ఇది అన్నిటికంటే భయపడాల్సింది. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది, అంటే సిలికా. చాలా రాళ్ళలో నాలుగో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఆ పొడి ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టిస్తుంది. దానిపేరు సిలికోసిస్. దానికి మందు లేదు. పని మానేసినా కొంతమందిలో జబ్బు పెరుగుతూనే పోతుంది. పైగా సిలికోసిస్ ఉన్నవాళ్ళకు టీబీ సులభంగా అంటుకుంటుంది. చాలాసార్లు సిలికోసిస్‌నే టీబీ అనుకుని నెలల తరబడి మాత్రలు వాడిస్తారు. వంటింటి గట్లకు వేసే తయారీ క్వార్ట్జ్ పలకల్లో సిలికా 90 శాతం దాకా ఉంటుంది. వాటిని కోసే కుర్రాళ్ళు జబ్బు పడుతుంటే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ పలకల్నే నిషేధించింది. కొయ్య పొడి కూడా తక్కువది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ కొయ్య పొడినీ, సిలికా పొడినీ క్యాన్సర్ తెచ్చే వాటి మొదటి వర్గంలోనే పెట్టింది.

ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు. 1700లో ఇటలీలో రామజ్జీని అనే డాక్టరు పనివాళ్ళ జబ్బుల మీద ఒక పుస్తకం వేసినాడు. అందులో రాళ్ళు చెక్కేవాళ్ళున్నారు, అవిసె నార, పట్టు పీచు దువ్వేవాళ్ళున్నారు. వాళ్ళ దగ్గు గురించి, ఆయాసం గురించి రాసినాడు. రోగి వస్తే డాక్టరు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటి ఆయన చేర్చినాడు: "నువ్వు ఏం పని చేస్తావు?" ఈ ప్రశ్న దగ్గరికి మళ్ళీ వస్తాం.

మరి దుమ్మును ఎట్లా ఆపాలి? కిటికీలు తెరవండి అని సులభంగా చెప్పేస్తారు. మగ్గం ఉన్న ఇంట్లో అది కుదరదని మీకు తెలుసు. గాలి ఆడితే పడుగు ఆరిపోతుంది. ఆరిన పోగు పుటుక్కున తెగుతుంది. అందుకే మన పెద్దలు కిటికీలు మూసి, నేల తడిపి నేసినారు. ఊయల కూడా ఆ మగ్గం పక్కనే. పిల్లలకూ అదే గాలి. నేతకు తేమ కావాలి, ఊపిరికి మంచి గాలి కావాలి. ఈ రెండింటి మధ్యే మన ఇబ్బందంతా.

గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించడం ఇంకో పద్ధతి. అది గదిలో గాలిని మారుస్తుంది, నిజమే. కానీ దుమ్ము మగ్గం దగ్గరో రంపం దగ్గరో పుట్టి, ముందు పనివాడి ముక్కు ముందు నుంచే పోయి, ఆ తర్వాతే ఫ్యాన్ దగ్గరికి చేరుతుంది. మనిషే మొదటి ఫిల్టర్ అవుతున్నాడు.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయండి. దీపాన్ని మూరెడు దూరం నుంచి ఊదితే ఆరిపోతుంది. అదే దూరం నుంచి గాలి లోపలికి పీల్చి ఆర్పగలరా? ఎంత పీల్చినా ఆరదు. ఊదిన గాలి ఒకే దిక్కున పోతుంది. పీల్చే గాలి అన్ని దిక్కుల నుంచీ వస్తుంది. లెక్క కూడా ఉంది. పైపు నోటి దగ్గర గాలి ఎంత వేగంగా పోతుందో, ఆ పైపు అడ్డకొలత అంత దూరం జరిగితే అందులో సుమారు పదో వంతే మిగులుతుంది. అంటే 6 అంగుళాల పైపు అయితే, నోటికి 6 అంగుళాల దూరంలోనే దాని బలం దాదాపు అయిపోయినట్టే. దూరం రెండింతలైతే అదే దుమ్మును లాగడానికి గాలి దాదాపు నాలుగింతలు కావాలి. నాలుగింతల గాలి అంటే పెద్ద మోటారు, పెద్ద కరెంటు బిల్లు.

అందుకే ఈ పనిలో మొదటి మాట: దుమ్ము పుట్టిన చోటే దాన్ని పట్టాలి. దగ్గరగా పట్టితే కొంచెం గాలి చాలు. కొంచెం గాలే లాగితే గదిలో తేమ కూడా పెద్దగా పోదు. మన మగ్గాల ఇండ్లకు కుదిరే దారి ఇదే.

మేము చూసిన ఒక షెడ్డు సంగతి చెబుతాం. ఫర్నిచర్ షెడ్డు. యజమాని మనవాడే, పేరెందుకు. చాలా ఖర్చు పెట్టి దుమ్ము లాగే యంత్రం తెచ్చుకున్నాడు. మమ్మల్ని పిలిపించి, "ఏమన్నా, ఇంత దుడ్డు పోసినా దుమ్ము అట్లే ఉండాది, మిషన్ వాడు మోసం చేసినాడేమో చూడు" అన్నాడు. పోయి చూసినాం. మిషన్‌లో తప్పేం లేదు. దాన్ని మూలన పెట్టి, ముడతల పైపు 40 అడుగులు లాగి, రంపానికి రెండడుగుల పైన గరాటు లాగా వేలాడదీసినారు. ముడతల పైపులో గాలి వేగం చచ్చిపోతుంది. మిగిలిన కాస్తా రెండడుగుల ఎత్తులో పోతుంది.

మేము కొత్త మిషన్ ఏమీ కొనిపించలేదు. మిషన్‌ను దగ్గరికి జరిపినాం. ముడతల పైపు తీసేసి నున్నటి రేకు పైపు వేసినాం, వంపులు మెల్లగా తిరిగేటట్టు పెట్టినాం. రంపం కింద పెట్టె కట్టి అక్కడి నుంచి లాగినాం, పైన పారదర్శక షీటుతో చిన్న మూత పెట్టి దాన్నీ కలిపినాం. రాత్రి లైట్లన్నీ ఆపి, రంపం నడిపిస్తూ పక్క నుంచి టార్చి వేసి చూపించినాం. కంటికి కనపడని దుమ్ము టార్చి వెలుగులో పొగ లాగా కనపడుతుంది. మూత తీస్తే పొగ, మూత పెడితే లేదు. ఆయన చాలాసేపు మూత తీసి పెట్టి, తీసి పెట్టి చూసినాడు. "ఇన్నేళ్ళూ ఇదంతా నేనే మింగినానా" అన్నాడు.

టార్చి పరీక్ష మీరూ చేయొచ్చు, ఖర్చు లేదు. ఈ రాత్రే మీ షెడ్డులో చేసి చూడండి.

ఇప్పుడు ఆ దుమ్ము ఎక్కడికి పోతుందో చెబుతాం. దుమ్మును పట్టే నోరు హుడ్. అది పోయే దారి డక్ట్. దాన్ని గాలి నుంచి వేరు చేసేది కలెక్టర్. అన్నిటినీ లాగేది ఫ్యాన్. డక్ట్‌లో గాలి సెకనుకు 18 నుంచి 20 మీటర్ల వేగంతో పోవాలి. తక్కువైతే దుమ్ము దారిలోనే కూర్చుంటుంది. కలెక్టర్‌లో ముందు సైక్లోన్ ఉండొచ్చు. కవ్వంతో చిలికినట్టు గాలి గుండ్రంగా తిరిగి, బరువు రేణువులు గోడకు కొట్టుకుని కింద డ్రమ్ములో పడతాయి. కానీ సన్న దుమ్ము సైక్లోన్‌కు చిక్కదు. ప్రాణం తీసేది ఆ సన్న దుమ్మే కదా. దాన్ని ఆపేది గుడ్డ. ఫిల్టర్ బ్యాగు అంటారు. పొడవాటి గుడ్డ సంచులు వరుసగా వేలాడుతుంటాయి.

ఇక్కడ మేము ఒక తప్పు చేసినాం, దాచుకోం. నేతవాళ్ళం కదా, గుడ్డ శుభ్రంగా ఉంటేనే మంచిదనుకున్నాం. అదే షెడ్డులో పనిచేసే పిల్లోడికి రోజూ సాయంత్రం బ్యాగులు బాగా దులపమని చెప్పినాం. వాడు కర్ర పెట్టి బాదినాడు. కొన్నాళ్ళకు టార్చి వేసి చూస్తే మిషన్ నుంచే సన్న దుమ్ము బయటికొస్తోంది. ఎందుకో అప్పుడు అర్థమైంది. పెరుగును గుడ్డలో మూట కట్టి వేలాడదీస్తే మొదట తెల్లటి నీళ్ళు కారతాయి. కొంచెం సేపటికి గుడ్డ లోపల పెరుగు పొర కడుతుంది. ఆ తర్వాత కారే నీళ్ళు తేటగా ఉంటాయి. వడగట్టేది గుడ్డ ఒక్కటే కాదు, గుడ్డ మీద కట్టిన పొర. ఫిల్టర్ బ్యాగు కూడా అంతే. పలుచటి దుమ్ము పొర ఉంటేనే సన్న దుమ్ము ఆగుతుంది. పొర మరీ మందమైతే గాలి పోదు. పూర్తిగా దులిపేస్తే దుమ్ము ఆగదు. ఎప్పుడు దులపాలో తెలియడమే పనితనం.

దానికీ చౌక ఉపాయం ఉంది. పారదర్శక ట్యూబును యు ఆకారంలో వంచి సగం నీళ్ళు పోసి, ఒక కొసను బ్యాగుకు ముందు, ఇంకో కొసను బ్యాగు తర్వాత కలపాలి. రెండు వైపులా నీటి మట్టంలో తేడా కనపడుతుంది. కంప్రెసర్ గాలితో దులిపే పెద్ద మిషన్లలో మామూలుగా 75 నుంచి 150 మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. మీ మిషన్ బాగా పనిచేసే రోజున ఎంతుందో గోడ మీద రాసుకోండి. తేడా బాగా పెరిగితే గుడ్డ మూసుకుపోయిందని, ఉన్నట్టుండి పడిపోతే ఎక్కడో చిరిగిందని అర్థం.

మన బిడ్డలు బాగా వినాల్సిన సంగతి ఇప్పుడు. ఫిల్టర్ గుడ్డ కూడా నేతే. సాదా నేత గట్టిగా ఉంటుంది కానీ తొందరగా మూసుకుపోతుంది. శాటిన్ నేతలో పోగులు పైన తేలుతాయి కాబట్టి దుమ్ము పొర సులభంగా జారుతుంది. ట్విల్ ఈ రెండింటికీ మధ్యన. ఈ మాటలు మనకు ఎవరైనా కొత్తగా నేర్పాలా? ఒత్తు ఎంత, పోగు పురి ఎంత అన్నది బట్టి గాలి ఎంత పోతుందో తేలుతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే నీడిల్ ఫెల్ట్ నేసింది కాదు, పీచును సూదులతో పొడిచి చేసిన దట్టమైన గుడ్డ. దానికి బలం ఇచ్చేది మాత్రం చాలావాటిలో మధ్యన పెట్టిన నేసిన జాలీయే. నిప్పురవ్వ భయం ఉన్నచోట గుడ్డలో సన్నటి స్టీలు పోగో కార్బన్ పోగో గళ్ళు గళ్ళుగా వేస్తారు, కరెంటు చేరకుండా భూమిలోకి పోవడానికి. చూస్తే జరీ గళ్ళ చీర గుర్తొస్తుంది.

రేపే పట్టు మగ్గాలు ఆపేసి ఫిల్టర్ గుడ్డ నేద్దామని మేము చెప్పడం లేదు. దానికి పాలిస్టర్, అరామిడ్, గాజు పోగులు కావాలి, వెడల్పు మగ్గాలు కావాలి, గుడ్డను వేడితో గట్టిపరిచే యంత్రాలు కావాలి, పరీక్షా సర్టిఫికెట్లు కావాలి. అది పెద్ద పెట్టుబడి. కానీ చదువుకుంటున్న పిల్లలు టెక్స్‌టైల్ అంటే చీర, షర్టు అనుకుని వదిలేస్తున్నారు. గాలిని వడగట్టే గుడ్డ కూడా టెక్స్‌టైలే అని వాళ్ళకు చెప్పాలి. బ్యాగులు కుట్టడం, చిరిగినవి గుర్తించడం, మార్చడం లాంటి పనులు మన చేతులకు తొందరగా అబ్బుతాయి.

ఒక హెచ్చరిక. దుమ్ము పట్టే మిషన్ కొని పట్టించుకోకుండా వదిలేయడం ప్రమాదం. పత్తి, కొయ్య, పిండి, అల్యూమినియం దుమ్ము గాలిలో కలిసి రవ్వ తగిలితే పేలుతుంది. చైనాలో హార్బిన్ నగరంలోని నార బట్టల మిల్లులో 1987 మార్చి 15న దుమ్ము పేలి 58 మంది చనిపోయినారు. వాళ్ళూ మనలాంటి నేత కార్మికులే. 2014 ఆగస్టు 2న అదే దేశంలో కున్‌షాన్‌లో, చక్రాలకు పాలిష్ పెట్టే కార్ఖానాలో అల్యూమినియం దుమ్ము పేలి 140 మందికి పైగా పోయినారు. అక్కడ పేలుడు మొదలైంది దుమ్ము సేకరించే పరికరంలోనే. కాబట్టి కొన్ని నియమాలు తప్పకూడదు. డ్రమ్మును రోజూ ఖాళీ చేయాలి. పైపులకు, మిషన్‌కు ఎర్తింగ్ ఉండాలి. గ్రైండింగ్ రవ్వలు, కొయ్య పొడి ఒకే పైపులో కలపకూడదు. కలెక్టర్ వీలైనంత వరకు గది బయట ఉండాలి.

ఇక చట్టం సంగతి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 14వ సెక్షన్ ఏం చెప్పిందో తెలుసా? దుమ్ము వచ్చే పనిలో దాన్ని లాగే పరికరం దుమ్ము పుట్టే చోటుకు వీలైనంత దగ్గరగా ఉండాలని. మేము ఇంతసేపూ చెప్పిందే అది. బిసినోసిస్, సిలికోసిస్ రెండూ ఆ చట్టంలో ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుల జాబితాలో ఉన్నాయి. ఆ చట్టం స్థానంలో 2020 నాటి కొత్త కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. పాత చట్టంలో కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ. కొత్తదానిలో 20 మంది ఉండాలి. మన ఆనేకల్ షెడ్డులో ఎంతమంది? నాలుగు మగ్గాలు, ముగ్గురు మనుషులు, అందులో ఇద్దరు ఇంటివాళ్ళే. మన ఇంటి నడవాలోకి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. రాకపోతే మంచిదే అనుకుంటాం. కానీ ఆయన రాడు కాబట్టి దుమ్ము రాకుండా ఉంటుందా?

"దుమ్ము తగ్గిస్తే ఖర్చు పెరుగుతుంది, మిల్లులు మూతపడతాయి" అని అమెరికాలోనూ అన్నారు. 1978లో వాళ్ళ ప్రభుత్వం పత్తి దుమ్ముకు హద్దు పెట్టింది. నూలు తీసే చోట ఘనపు మీటరు గాలిలో 200 మైక్రోగ్రాములు, నేసే చోట 750. మిల్లు యజమానులు సుప్రీంకోర్టు దాకా పోయినారు. 1981లో కోర్టు ఆ హద్దును నిలబెట్టింది. మిల్లులు పాత యంత్రాలు తీసి కొత్తవి పెట్టుకున్నాయి, ఉత్పత్తి కూడా పెరిగింది. అదే నిబంధనలో ఇంకొకటుంది. వేరే దారి ఉన్నచోట కంప్రెసర్ గాలితో ఊది శుభ్రం చేయకూడదని. మన పవర్‌లూముల దగ్గర రోజూ సాయంత్రం చేసేది ఏంది? గొట్టం తీసుకుని బుస్సున ఊదడమే కదా! మగ్గం మీద పడుకుని ఉన్న దుమ్మును లేపి మనమే పీలుస్తున్నాం.

అందుకే రేపటి నుంచి చేయగలిగినవి చెబుతాం. ఊదడం మానండి, వ్యాక్యూమ్‌తో లాగండి. దాని ఫిల్టర్ మంచిదై ఉండాలి. లేకపోతే ముందు నుంచి లాగి వెనక నుంచి వదులుతుంది. వ్యాక్యూమ్ లేకపోతే తడిగుడ్డతో తుడవండి. పొడి చీపురు వద్దు. రాయి కోసే చోట నీళ్ళు ఆపొద్దు. కోసిన బురదను ఎండనివ్వొద్దు, ఎండితే అదే మళ్ళీ దుమ్ము. అంచులు పాలిష్ చేసేటప్పుడు చేతి గ్రైండర్‌ను నీళ్ళు లేకుండా వాడటం చాలా ప్రమాదం. ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే సన్న దుమ్ము ఆగదు. ఐఎస్ 9473 గుర్తు ఉన్న మాస్కు కొనండి, రాయి పనికైతే ఎఫ్ఎఫ్‌పీ2 కంటే తక్కువ వద్దు. మాస్కు చివరి కాపలా మాత్రమే. హుడ్ పెట్టని యజమాని మాస్కు ఇచ్చి చేతులు దులుపుకోకూడదు. పని బట్టలతో ఇంటికి వచ్చి బిడ్డల్ని ఎత్తుకోవద్దు.

రామజ్జీని ప్రశ్న గుర్తుందా? ఈ రోజుల్లో డాక్టరుకు అడిగే తీరిక లేకపోవచ్చు. మీరే చెప్పండి. "డాక్టర్ సార్, ఇన్నేళ్ళు రాయి కోసినాను", "ఇన్నేళ్ళు మగ్గం నేసినాను" అని. బెంగళూరులో ఛాతీ జబ్బులకు రాజీవ్ గాంధీ సంస్థ ఉంది. వృత్తి జబ్బుల మీద పనిచేసే ఐసీఎంఆర్ దక్షిణ ప్రాంత కేంద్రం దేవనహళ్ళి దగ్గరే ఉంది. ఈఎస్ఐ ఉన్న పిల్లలకు ఈ జబ్బులు వృత్తి వ్యాధులుగా గుర్తింపు పొందితే పనిలో దెబ్బ తగిలినట్టే లెక్క, పరిహారానికి హక్కు ఉంటుంది. కానీ పని ఏమిటో కాగితం మీద లేకపోతే ఆ హక్కు ఎవరూ తెచ్చివ్వలేరు.

చివరగా సమాఖ్యను మూడు అడుగుతున్నాం. ఒకటి, మంచి ఫిల్టర్ ఉన్న వ్యాక్యూమ్‌లు రెండు మూడు సమాఖ్య తరఫున కొని, వంతులవారీగా షెడ్లకు తిప్పండి. పెళ్ళి వంటపాత్రలు తిప్పినట్టే. రెండు, ఏటా ఒకసారి ఇలాంటి సభ రోజునే ఊపిరి ఊదే స్పైరోమెట్రీ పరీక్ష పెట్టించండి, ప్రతి ఒక్కరి లెక్కా పుస్తకంలో రాయండి. పోయినేటికీ ఈయేటికీ తేడా తెలిస్తేనే జబ్బు ముందుగా దొరుకుతుంది. మూడు, మగ్గానికో మిషన్‌కో సమాఖ్య ద్వారా అప్పు ఇప్పించేటప్పుడు దుమ్ము పట్టే ఏర్పాటు కూడా ఆ అంచనాలోనే చేర్చాలని తీర్మానం చేయండి. మా వంతుగా, పిలిచిన ప్రతి షెడ్డుకూ వచ్చి టార్చి వేసి చూపిస్తాం, హుడ్ ఎక్కడ పెట్టాలో గీసి ఇస్తాం. దానికి డబ్బు తీసుకోం.

మన పెద్దలు పడుగులో ఒక్క పోగు తెగితే మగ్గం ఆపి అతికేవాళ్ళు. పోనీలే అని ముందుకు నేసినవాళ్ళు లేరు. దగ్గు మొదలైన రోజున కూడా అట్లాగే ఆగి చూసుకోవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.